మూడు కిలోల బిడ్డకు యాంజియోగ్రామ్: ఏ ధమని, ఎంత షీత్, అసలు అవసరమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మూడు వారాల బిడ్డ, బరువు 3 కిలోలు. గజ్జల్లో నాడి సరిగా అందడం లేదు. ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) కోఆర్క్టేషన్ అనుమానం, అంటే బృహద్ధమని ఒకచోట ఇరుకుగా ఉందని. డక్టస్ (పుట్టకముందు ఊపిరితిత్తుల ధమనిని బృహద్ధమనికి కలిపే నాళం) మూసుకుపోకుండా ఉంచే ప్రోస్టాగ్లాండిన్ మందు నడుస్తోంది. యూనిట్‌లో ఒకరు క్యాథెటర్ యాంజియోగ్రామ్ (రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, కాంట్రాస్ట్ అనే మందు ఎక్కించి తీసే బొమ్మ) చేద్దామంటున్నారు, ఇంకొకరు సీటీ చాలంటున్నారు. తొడ ధమనిలో షీత్ (క్యాథెటర్ వెళ్ళడానికి దారిగా పెట్టే గొట్టం) పెడితే కాలికి రక్తం ఆగిపోతుందేమోనని మీ భయం. మణికట్టు నుంచి వెళ్ళవచ్చా, అల్ట్రాసౌండ్ తప్పనిసరా, షీత్ తీశాక నాడి అందకపోతే ఏం చేయాలి అని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. కేవలం నిర్ధారణ కోసమే అయితే ఈ బిడ్డ ధమనిని ముట్టుకోనక్కర్లేదు. జాగ్రత్తగా చేసిన ఎకో, అది చాలకపోతే సీటీ యాంజియో, సర్జన్‌కు కావలసిన బొమ్మను ఇస్తాయి. ఇరుకును బెలూన్‌తో సాగదీయాల్సిన పరిస్థితి వస్తే అప్పుడు తొడ ధమని. అదీ అల్ట్రాసౌండ్ చూస్తూ, పని జరిగే అతి చిన్న షీత్‌తో, రక్తం గడ్డ కట్టకుండా హెపారిన్ ఇచ్చి, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా బయటపడేలా. మణికట్టు ధమని బీపీ చూడటానికీ రక్తపరీక్షలకూ పనికొస్తుంది, ఈ వయసులో యాంజియోగ్రామ్‌కు దారి కాదు.

మా దగ్గరికి శిక్షణకు వచ్చేవాళ్ళు కూడా మొదట "ఏ ధమని?" అనే అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది "నాకు ఏ బొమ్మ కావాలి, దాంతో ఏ నిర్ణయం మారుతుంది?" అని. పసిబిడ్డకు పెట్టే ప్రతి షీత్‌కూ ఒక ధర ఉంటుంది, దాన్ని ఆ బిడ్డ కాలు చెల్లిస్తుంది.

ఎందుకింత భయం? కొలతలు చూడండి. 3 ఫ్రెంచ్ అంటే 1 మి.మీ. క్యాథెటర్ మీద రాసే అంకె దాని బయటి లావుది. షీత్ మీద రాసే అంకె మాత్రం లోపల ఎంత లావు క్యాథెటర్ పడుతుందో చెబుతుంది. కొత్తవాళ్ళు తరచూ తడబడేది ఇక్కడే. 4 ఫ్రెంచ్ షీత్ బయటి కొలత దాదాపు 2 మి.మీ. ఉంటుంది. 3 కిలోల బిడ్డ తొడ ధమని లోపలి వెడల్పు చాలావరకు 2, 3 మి.మీ. మధ్యలోనే. కోఆర్క్టేషన్‌లో కింది భాగానికి ఒత్తిడి తక్కువ కాబట్టి అది ఇంకా సన్నగా కనిపించవచ్చు. అంటే షీత్ లోపలికి వెళ్ళాక అది సీసా మూతికి బిగించిన బిరడాలా ఉంటుంది, పక్కనుంచి రక్తం పోవడానికి చోటు మిగలదు. దీనికితోడు పసిపిల్లల ధమని ఇట్టే ముడుచుకుపోతుంది. రక్తం నిలిచిపోయిన చోట గడ్డ కట్టడానికి ఎక్కువసేపు పట్టదు. అందుకే ఏడాదిలోపు వయసు, తక్కువ బరువు, పెద్ద షీత్, ఎక్కువసేపు సాగిన ప్రక్రియ, ఈ నాలుగింటిలో ఎన్ని కలిస్తే ముప్పు అంత పెరుగుతుంది.

ముందు బొమ్మల సంగతి. ఎకో మంచం దగ్గరే అవుతుంది, రేడియేషన్ లేదు, ఎన్నిసార్లయినా చేయవచ్చు. దానికి రెండు పరిమితులున్నాయి. వెంటిలేటర్ మీద ఉబ్బిన ఊపిరితిత్తులు ఉంటే బృహద్ధమని వంపు సరిగా కనిపించదు. డక్టస్ తెరిచి ఉంటే ఇరుకు అసలు తీవ్రత బయటపడదు, డాప్లర్‌లో (రక్తం పారే వేగాన్ని చూపే అల్ట్రాసౌండ్‌లో) ఒత్తిడి తేడా తక్కువగానే చూపిస్తుంది. ఆ అంకెను చూసి ధైర్యపడకూడదు. వంపు ఆకారం, ఇస్త్మస్ (వంపు చివర, డక్టస్‌కు ముందున్న సన్నటి భాగం) కొలత, కడుపులోని బృహద్ధమనిలో రక్తప్రవాహ తీరు, ఈ మూడూ కలిపి చదవాలి.

సీటీ ఆ ఖాళీని పూరిస్తుంది. రెండు ట్యూబులున్న కొత్త యంత్రాల్లో ఈ పరిమాణం ఛాతీ ఒక సెకను లోపే అయిపోతుంది కాబట్టి చాలామంది పిల్లలకు మత్తు అక్కర్లేదు. పాలు పట్టి, గుడ్డలో బిగుతుగా చుట్టి పడుకోబెడితే సరిపోతుంది. ఊపిరి ఆయాసంగా ఉన్న బిడ్డకు పాలు పట్టించి పడుకోబెట్టే ముందు ఒకసారి ఆలోచించండి. ట్యూబు వోల్టేజీని 70 లేదా 80 కిలోవోల్టులకు తగ్గిస్తే రేడియేషన్ తగ్గుతుంది, కాంట్రాస్ట్‌లోని అయోడిన్ కూడా మరింత ప్రకాశంగా కనిపిస్తుంది. పసిపిల్లల విషయంలో ఈ రెండూ ఒకేవైపు లాగడం మన అదృష్టం. కాంట్రాస్ట్ కిలోకు 1.5 నుంచి 2 మి.లీ., అంటే ఈ బిడ్డకు మొత్తం 5, 6 మి.లీ. మాత్రమే. దాని వెనకే కొంచెం సెలైన్.

అంత కొద్ది మందుతో పని జరగాలంటే చిన్న విషయాలే పెద్దవవుతాయి. నేను టెక్నీషియన్‌తో ముందుగా మాట్లాడేవి ఇవి:

సూది ఏ సిరలో ఉంది? ఎడమ చేతి సిరలోంచి ఇస్తే చిక్కటి కాంట్రాస్ట్ బృహద్ధమని వంపు ముందునుంచే దాటుతుంది. ఆ మెరుపు గీతలు సరిగ్గా మనం చూడాల్సిన చోటనే పడతాయి. కుడి చేయి గాని కాలు గాని మేలు.

ప్రోస్టాగ్లాండిన్ నడుస్తున్న లైను ముట్టుకోవద్దు. కాంట్రాస్ట్‌ను అదే లైనులో తోస్తే గొట్టంలో ఉన్న ప్రోస్టాగ్లాండిన్ మొత్తం ఒక్కసారిగా లోపలికి పోతుంది. ఊపిరి ఆగవచ్చు, బీపీ పడిపోవచ్చు. లైను విప్పి పక్కన పెట్టడమూ కుదరదు, ఆ మందు శరీరంలో నిమిషాల్లో ఖర్చయిపోతుంది. వేరే కాన్యులా (నాళంలో పెట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టం) ఉండి తీరాలి.

గాలి బుడగలు. గుండెలో కుడినుంచి ఎడమకు రక్తం దాటే అవకాశం ఉన్న బిడ్డలో సిరలోకి పోయిన చిన్న బుడగ నేరుగా మెదడుకు చేరగలదు. సిరంజి, గొట్టం, త్రీవే (మూడు దారుల కుళాయి), మూడింటినీ వెలుతురుకు పట్టి చూడాలి.

ఎంఆర్‌ఐకి రేడియేషన్ లేదు, ప్రవాహాన్ని కొలవగలదు. పాలు పట్టి చుట్టి పడుకోబెట్టే పద్ధతి చిన్న నెలల పిల్లల్లో అక్కడా పనిచేస్తుంది. కానీ ఇన్‌ఫ్యూజన్ పంపులున్న, పరిస్థితి నిలకడగా లేని బిడ్డను అంతసేపు ఆ గొట్టంలో ఉంచడం నాకిష్టం ఉండదు. ఆపరేషన్ తర్వాత, పెద్దయ్యాక చేసే పరీక్షలకు అది చాలా మంచిది.

సీటీ ఎలా దారి మారుస్తుందో ఒక ఉదాహరణ. ఒక బిడ్డకు కుడి చేతిలో, కాళ్ళలో బీపీ దాదాపు ఒకటే. తేడా లేదు కాబట్టి కోఆర్క్టేషన్ కాదేమో అని ఒక వాదన నడిచింది, తేల్చడానికి క్యాథెటర్ చేద్దామన్నారు. ఎడమ చేతి బీపీ తీసి చూస్తే అది చాలా ఎక్కువ. సీటీలో సంగతి తేలింది: కుడి చేతికి రక్తం ఇచ్చే సబ్‌క్లేవియన్ ధమని ఉండాల్సిన చోట లేదు, ఇరుకు కిందినుంచి పుడుతోంది. అందుకే కుడి చేయి కాళ్ళతో సమానంగా చూపింది. గజ్జ జోలికి వెళ్ళకుండానే సర్జన్‌కు కావలసింది దొరికింది, మత్తు డాక్టరుకు లైను ఎక్కడ పెట్టకూడదో కూడా ముందే తెలిసింది. మీ ప్రశ్నలో కుడి చేతి, కాలి బీపీలే రాశారు. రెండు చేతులు, రెండు కాళ్ళు, నాలుగు చోట్లా తీయండి.

మణికట్టు ధమని విషయం. నవజాత శిశువులో అది 1 మి.మీ. అటూ ఇటూగా ఉంటుంది. 24 గేజ్ కాన్యులా బయటి లావు 0.7 మి.మీ. దీన్నిబట్టే అందులో షీత్ ఎందుకు కుదరదో తెలుస్తుంది. కోఆర్క్టేషన్ ఆపరేషన్‌కు లైను మామూలుగా కుడి మణికట్టులో పెడతారు, ఎందుకంటే ఎడమ సబ్‌క్లేవియన్‌ను సర్జన్ క్లాంపు చేయవచ్చు. పైన చెప్పినట్టు ధమని తప్పుచోట పుట్టి ఉంటే ఈ నియమం పనికిరాదు. మోచేతి దగ్గరి బ్రేకియల్ ధమనిని నేను వీలైనంతవరకు వదిలేస్తాను, అది మూసుకుపోతే ముంజేతికి ప్రత్యామ్నాయ రక్తం నమ్మకంగా అందదు. కణత దగ్గరి ధమని లైనును ఫ్లష్ చేసినప్పుడు గడ్డలు, గాలి మెదడువైపు పోవచ్చు, అందుకే అది చివరి మాట.

కాన్యులా పెట్టడానికి అల్ట్రాసౌండ్ వాడితే మొదటి ప్రయత్నంలోనే దొరికే అవకాశం పెరుగుతుందని పిల్లల్లో జరిగిన పరిశోధనలు చూపించాయి. ఒక చిట్కా: ధమని చర్మానికి మరీ దగ్గరగా, 2 మి.మీ. కంటే తక్కువ లోతులో ఉంటే సూది కోణం పట్టడానికి చోటుండదు. చర్మం కింద కొంచెం సెలైన్ ఎక్కిస్తే ధమని కాస్త కిందికి దిగి పని సులువవుతుంది.

లైను పెట్టాక జరిగే పొరపాట్లు పెట్టేటప్పటికంటే ఎక్కువ. లైను మూసుకుపోకుండా సెలైన్ వదిలే పెద్దవాళ్ళ ఫ్లష్ సెట్టు గంటకు 3 మి.లీ. వదులుతుంది. రోజుకు 72 మి.లీ., ఈ బిడ్డకు కిలోకు 24 మి.లీ. అది చిన్న విషయం కాదు. సిరంజి పంపుతో గంటకు 0.5 నుంచి 1 మి.లీ. చాలు. రక్తం తీశాక గొట్టం కడగడానికి వాల్వు లాగి వదలకండి. చేత్తో, 0.5 మి.లీ. లోపు, మెల్లగా తోయండి. వేగంగా తోస్తే అది మణికట్టు నుంచి వెనక్కి పైదాకా వెళ్ళగలదు. బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం 250 మి.లీ. అటూ ఇటూగా ఉంటుంది, కాబట్టి గాజుగుడ్డకు అంటినదీ లెక్కే.

ఇక తొడ ధమని, తప్పనిసరైతే. గుండె బలం పడిపోయి, ఆపరేషన్‌కు తట్టుకోలేని బిడ్డకు బెలూన్ వేసి సమయం సంపాదించడం నేను చేసే పనే. ముందుగా సిరలోంచి పని జరుగుతుందా అని ఆలోచించండి. పసిపిల్లల్లో ఫొరామెన్ ఓవేల్ (గుండె పై గదులైన రెండు ఏట్రియంల మధ్య రంధ్రం) తెరిచి ఉంటుంది కాబట్టి సిరనుంచి వెళ్ళిన క్యాథెటర్ కుడి ఏట్రియంలోంచి ఎడమకు, అక్కణ్ణుంచి ఎడమ వెంట్రికల్ అనే కింది గదిలోకి, బృహద్ధమనిలోకి చేరగలదు. నెలలు నిండని పిల్లల డక్టస్‌ను మూసేటప్పుడు ఇదే సూత్రంతో ధమనిని పూర్తిగా వదిలేస్తారు. 700 గ్రాముల బిడ్డకు కూడా వాడేందుకు అమెరికాలో 2019లో అనుమతి పొందిన చిన్న ప్లగ్ సిర మార్గంలోనే పెడతారు.

ధమనే కావాలంటే, మీ బిడ్డలో వేలితో వెతికి పొడవడం అనేది లేదు. నాడే అందనప్పుడు దేన్ని వెతుకుతారు? ఈ బిడ్డకు అల్ట్రాసౌండ్ తప్పనిసరి. పిరుదుల కింద చిన్న గుడ్డ మడత పెట్టి, తొడలు కొంచెం బయటికి తిప్పి ఉంచండి. ధమని, సిర ఒకదానిమీద ఒకటి పడటం కొంత తగ్గుతుంది. ప్రోబ్ మీద జెల్ ధారాళంగా వేసి, చర్మానికి ఆనీ ఆననట్టు పట్టుకోవాలి. కొంచెం నొక్కినా సిరతోపాటు ఒత్తిడి తక్కువున్న ధమని కూడా మాయమవుతుంది. "నొక్కితే అణిగేది సిర, అణగనిది ధమని" అన్న పాఠం ఇక్కడ మోసం చేస్తుంది. బయటివైపున్నది ధమని అని గుర్తుపెట్టుకుని, కలర్ డాప్లర్ వేగపు స్కేలును బాగా దించి నిర్ధారించుకోండి. ఇరుకు కిందికి వచ్చే ప్రవాహం కొట్టుకున్నట్టుగా కాకుండా సాదాసీదాగా పారుతుంటుంది.

సూది 21 గేజ్, కోణం తక్కువ. ముందు గోడ మాత్రమే దాటాలి, వెనక గోడ తగలకూడదు. ధమని మధ్యలో సూదిమొన తెల్లటి చుక్కలా కనిపించాక సూదిని వాల్చి, ప్రోబ్‌ను ముందుకు జరుపుతూ ఇంకో మిల్లీమీటరు లోపలికి పంపండి. రక్తం చిమ్ముతుందని ఎదురుచూడకండి, ఈ బిడ్డలో అది ఊరినట్టు వస్తుంది. తీగ వెళ్ళకపోతే తోయకూడదు. 1953లో సెల్డింగర్ చూపించిన వరసే ఇది: సూది, తీగ, తీగ మీదుగా గొట్టం. మనకు సమస్యల్లా ఆ మూడో అంచెలోనే, గొట్టం లావులో. 3 ఫ్రెంచ్‌తో అయ్యే పనికి 4 పెట్టకండి. ఏ బెలూన్ ఏ షీత్‌లో దూరుతుందో టేబుల్ మీదికి వెళ్ళకముందే చూసుకోండి. మధ్యలో షీత్ మార్చడం అంటే ఆ చిన్న ధమనిని రెండోసారి సాగదీయడం.

స్థానికంగా మత్తుకు ఇచ్చే లిగ్నోకైన్ 1 శాతానిది ఈ బరువుకు 1 మి.లీ. దాటనివ్వను. నిజానికి అందులో సగం కూడా అక్కర్లేదు, ఎక్కువైతే ఆ ఉబ్బులో ధమని కనబడదు.

షీత్ పడగానే హెపారిన్ కిలోకు 100 యూనిట్లు, ఆ తర్వాత ఏసీటీ (రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే పరీక్ష) చూస్తూ. పిల్లల క్యాథెటరైజేషన్‌లో ఈ మోతాదు వాడితే ధమనిలో గడ్డలు 40 శాతం నుంచి 8 శాతానికి తగ్గాయని 1974లోనే ఒక పరిశోధన చూపించింది. నవజాత శిశువుల్లో యాంటీత్రాంబిన్ (హెపారిన్ పనిచేయడానికి కావలసిన ప్రోటీన్) తక్కువగా ఉంటుంది కాబట్టి హెపారిన్ అందరిలో ఒకేలా పనిచేయదు. కొలవకుండా నమ్మకండి.

షీత్ తీసేటప్పుడు కాలి బొటనవేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించి ఉంచండి. మీ బిడ్డలో ఆ తరంగం ముందునుంచీ చిన్నదే కావచ్చు, అందుకే షీత్ పెట్టకముందు అది ఎలా ఉందో చూసి రాసి పెట్టుకోవాలి. ఒక వేలితో, రంధ్రం మీద మాత్రమే నొక్కాలి. రక్తం బయటికి రాకూడదు, మానిటర్‌లో తరంగం పూర్తిగా చదునవకూడదు. ఈ రెంటి మధ్య పట్టు చాలా సన్నం. వేలు ఒక వెంట్రుకవాసి సడలిస్తే తరంగం లేస్తుంది, గజ్జలో ఎర్రటి చుక్క కనిపిస్తుంది. మళ్ళీ అంతే సన్నగా బిగించాలి. పది పదిహేను నిమిషాలు అలాగే నిలబడాలి. ఈ పనిని అలసిపోయిన జూనియర్‌కు అప్పగించి గ్లవ్స్ తీసేసే సీనియర్లను చూసినప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. పైన పెద్ద గుడ్డ ఉండ పెట్టి గట్టిగా కట్టు కట్టేయడం ఇంకా తప్పు.

తర్వాత నాడి అందకపోతే? పాదం రంగు, వేడి, రక్తం తిరిగి నిండే సమయం, డాప్లర్ శబ్దం, నాలుగూ రెండో కాలితో పోల్చి చూడండి. గులాబీరంగుగా, వెచ్చగా ఉండి నాడి మాత్రం మందంగా ఉంటే అది ముడుచుకుపోవడం కావచ్చు, కొద్ది గంటల్లో సర్దుకోవచ్చు. రెండో కాలికి వెచ్చటి గుడ్డ చుడితే ప్రతిచర్యగా ఈ కాలి నాళాలు కూడా విచ్చుకుంటాయి. దెబ్బతిన్న కాలిని నేరుగా వేడి చేయకూడదు, రక్తం అందని కండరానికి అది భారం. తెల్లగా, చల్లగా ఉంటే ఎదురుచూడటం లేదు, అప్పుడే అల్ట్రాసౌండ్ చేసి గడ్డ ఉందో లేదో చూడాలి.

గడ్డ ఉంటే హెపారిన్. ఏడాదిలోపు పిల్లలకు ప్రామాణికంగా వాడేది కిలోకు 75 యూనిట్ల మొదటి మోతాదు, ఆ వెనక గంటకు కిలోకు 28 యూనిట్లు. క్యాథెటర్ ల్యాబ్‌లో ఇచ్చిన హెపారిన్ ఇంకా పనిచేస్తుంటే మొదటి మోతాదు వదిలేయాలి. మీ ఆసుపత్రి నియమావళిని, హెమటాలజిస్టును కలుపుకునే చేయండి. కాలు ముప్పులో పడితే గడ్డను కరిగించే మందు గాని ఆపరేషన్ గాని. కరిగించే మందుకు ముందు తల అల్ట్రాసౌండ్ తప్పనిసరి. మీ బిడ్డ విషయంలో ఇంకో చిక్కుంది: రేపో ఎల్లుండో ఛాతీ తెరవాల్సి ఉంటే ఆ మందు ఇవ్వడం సర్జన్‌తో మాట్లాడకుండా తీసుకునే నిర్ణయం కాదు.

నాడి తిరిగి రాకపోయినా కాలు బాగానే ఉన్న పిల్లలు ఉంటారు, పక్క నాళాలు ఆదుకుంటాయి. దాన్ని చూసి ఫైలు మూసేయకండి. ఆ కాలు కొన్నేళ్ళకు కొంచెం పొట్టిగా పెరగవచ్చు. ఈ పిల్లల్లో చాలామందికి మళ్ళీ క్యాథెటర్ అవసరం పడుతుంది, అప్పుడు ఆ గజ్జ పనికిరాదు.

బొడ్డు ధమని గురించి మీరడగలేదు, మూడు వారాలకు అది మూసుకుపోయి ఉంటుంది. మొదటి కొద్దిరోజుల్లో వచ్చే బిడ్డలకు మాత్రం అది వరం. ఎక్స్‌రేలో అందులో పెట్టిన గొట్టం ముందు కటివైపు దిగి, తర్వాత పైకి తిరుగుతుంది. మొన ఛాతీ 6వ, 9వ వెన్నుపూసల మధ్య ఉండాలి. మెదడులో గేలెన్ సిర వైకల్యం (ధమనులు నేరుగా సిరలో కలిసే పుట్టుక లోపం) అనుమానం ఉన్న నవజాత శిశువు వస్తే ఆ గొట్టాన్ని తొందరపడి తీసేయవద్దని నేను ఎన్‌ఐసీయూకు ఫోను చేసి మరీ చెబుతాను. ఎంబొలైజేషన్ (ఆ అసాధారణ నాళాలను లోపలినుంచి మూసేయడం) అవసరమైతే గజ్జ ముట్టకుండా ఆ దారినే వెళ్ళవచ్చు.

సీటీ అయినా క్యాథెటర్ అయినా డిశ్చార్జి కాగితంలో రెండు విషయాలు రాయండి. ఏ వైపు గజ్జ, ఎంత షీత్, తీశాక నాడి ఎలా ఉంది అన్నది ఒకటి. అయోడిన్ కాంట్రాస్ట్ ఇచ్చిన తేదీ, మోతాదు రెండోది. మూడేళ్ళలోపు పిల్లలకు ఆ కాంట్రాస్ట్ ఇచ్చాక మూడు వారాల్లోపు థైరాయిడ్ పనితీరు చూడాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో సూచించింది. గుండె ఆపరేషన్ హడావుడిలో ఆ పరీక్ష తప్పిపోవడం చాలా తేలిక.